టిప్పర్ గుద్దినా గర్డర్ బతకాలంటే: ప్యానెళ్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి

ఎత్తు తక్కువ ఉన్న ఏ ఫ్లైఓవర్ కిందికైనా వెళ్లి, ట్రాఫిక్ ఎదురొచ్చే వైపున్న మొదటి గర్డర్ (పైన రోడ్డును మోసే పొడవాటి దూలం) కింది అంచు చూడండి. గీతలు కనిపిస్తాయి. తెల్లగా, పొడిపొడిగా ఉంటే ఈ మధ్య తగిలినవి, పొగకు నల్లబడి ఉంటే పాతవి. మూల చెక్క లేచిపోయి రాడ్డు బయటపడి, దాని కింద తుప్పు నీరు కారిన ఎర్ర చార ఉందంటే ఆ దెబ్బ తగిలాక ఎవరూ పట్టించుకోకుండానే వానలు కూడా పడ్డాయని అర్థం. కొన్నిచోట్ల రెండో గర్డర్‌కు ఏమీ ఉండదు, మూడోదానికి మళ్లీ గీత ఉంటుంది. ఇది వేరే లారీ పని అనుకుంటారు చాలామంది, కానీ అదే లారీ అయి ఉండొచ్చు. మొదటి గర్డర్‌కు తగిలి కిందికి నొక్కుకుపోయిన బాడీ స్ప్రింగుల మీద మళ్లీ పైకి లేస్తుంది, లేచి లోపలి గర్డర్‌ను కొడుతుంది. అందుకని బయటి గర్డర్ ఒక్కదానికి ప్యానెల్, అంటే గర్డర్ బదులు దెబ్బ తాను తిని నలిగే తొడుగు, తగిలించేసి పని అయిపోయిందనుకుంటే కుదరదు.

గుద్దేవాళ్లు ఎవరో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే దాన్నిబట్టే ప్యానెల్ మారుతుంది. లోడు దింపేసి ట్రాలీ కిందికి దించకుండానే బయల్దేరిన టిప్పర్, లోబెడ్ (తక్కువ ఎత్తు ట్రైలర్) మీద బూమ్, అంటే పొడవాటి చెయ్యి, సరిగ్గా మడవని పొక్లెయిన్, ఎత్తు కంటైనర్, షెడ్డు సామాన్లు ఎత్తుగా పేర్చిన లారీ, ప్రధానంగా ఇవే. పగలు పెద్ద బండ్లను సిటీలోకి రానివ్వరు కాబట్టి వీటి రాకపోకలన్నీ రాత్రే, రోడ్డు ఖాళీ, స్పీడు ఎక్కువ, గుద్దినవాడు ఆగే ప్రశ్నే లేదు. వినాయక నిమజ్జనం అప్పుడు అందరికీ టెన్షన్ కానీ నా ఉద్దేశంలో అది పెద్ద ప్రమాదం కాదు. విగ్రహం నడక వేగంతో వస్తుంది, పైన ఒకడు కర్రతో వైర్లు ఎత్తుతూనే ఉంటాడు. విగ్రహాన్ని దింపేశాక ఇనప ఫ్రేము అలాగే ఉంచుకుని అర్ధరాత్రి ఖాళీగా తిరిగొచ్చే ట్రైలర్ ఉంది చూశారూ, దాన్ని చూసి భయపడాలి.

ముందు కొలత

ప్యానెల్ కొటేషన్లు తెప్పించే ముందు బ్రిడ్జి కింద అసలు ఎంత ఖాళీ ఉందో మీరే కొలవండి. బోర్డు మీద ఉన్న అంకెను నమ్మొద్దు. ఆ బోర్డు పెట్టాక రోడ్డు మీద ఎన్నిసార్లు తారు వేశారో ఎవరికీ గుర్తుండదు, ఒక్కో బీటీ లేయరు 40, 50 మి.మీ. పెరుగుతుంది, పాతది చెక్కకుండా రెండుసార్లు వేస్తే పది సెంటీమీటర్లు పోయినట్టే. ఇప్పుడు కొత్తగా కట్టేవాటికి సిటీల్లో 5.5 మీటర్ల ఎత్తు వదలాలని రూలు. సాధారణ సరుకు లారీ ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. ఈ రెండు అంకెలు చూస్తే గుద్దుడే ఉండకూడదు కదా అనిపిస్తుంది. కానీ పాత అండర్‌బ్రిడ్జిలు 5.5 మీటర్లు లేవు, లేచిన టిప్పర్ ట్రాలీకి 4 మీటర్ల రూలు తెలియదు.

కొలవడానికి లేజర్ మీటరు చాలు. రాత్రిపూట, ట్రాఫిక్ పోలీసులకు చెప్పి, లేన్ లేన్‌కీ ప్రతి గర్డర్ కిందా కొలవాలి. ఒక్కచోట కొలిచి రాసేసుకోవద్దు. రోడ్డు మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది, మలుపులో ఒకవైపు లేచి ఉంటుంది, పైన బ్రిడ్జికీ వాలు ఉంటుంది. వచ్చినవాటిలో అన్నిటికంటే చిన్న అంకె మీకు కావలసింది. అండర్‌బ్రిడ్జి దగ్గర రోడ్డు పళ్లెంలా దిగి మళ్లీ ఎక్కుతుంది కాబట్టి ఇంకో తిరకాసు ఉంది. పొడవాటి ట్రైలర్ ముందు చక్రాలు ఎక్కుడులో, వెనక చక్రాలు దిగుడులో ఉన్నప్పుడు మధ్యలో బాడీ రోడ్డు నుంచి ఎత్తుగా నిలుస్తుంది. ఎంత అంటే చక్రాల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, రోడ్డు వంపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించండి. 10 మీటర్ల బండి, 200 మీటర్ల వంపు అయితే 6 సెంటీమీటర్లు. టేపులో కనపడని ఆరు సెంటీమీటర్లు ఇవి. అందుకే బోర్డు మీద రాసే ఎత్తు, కొలిచినదానికంటే పదిహేను సెంటీమీటర్లైనా తక్కువ ఉండాలి.

ఇక హైట్ గేజ్. రోడ్డుకు అడ్డంగా కట్టే ఇనప కమాను, మనకు బాగా అలవాటైనదే. ప్యానెల్ కంటే ముందు ఇది ఉండాలి, పైగా బ్రిడ్జికి ఆనించినట్టు కాదు, లారీ వెనక్కి తిరిగిపోవడానికో పక్క రోడ్డులోకి మళ్లడానికో చోటున్న దగ్గర ఉండాలి. గేజ్ తగిలాక డ్రైవర్ ఎటూ పోలేకపోతే రెండు కిలోమీటర్లు జామ్ అవుతుంది, మర్నాటికి ఎవరో గేజ్ పైపును గ్యాస్ కట్టర్‌తో కోసేస్తారు. అమెరికాలో నార్త్ కరోలినాలోని డర్హమ్ అనే ఊళ్లో ఒక రైల్వే బ్రిడ్జి ఉంది, ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు. ముందు బలమైన స్టీలు దూలం పెట్టారు, బోర్డులు పెట్టారు, 2016లో ఎత్తు బండి వస్తే సెన్సర్ పట్టుకుని ఎర్ర సిగ్నల్ వెలిగేలా చేశారు, అయినా లారీల పైకప్పులు లేచిపోతూనే ఉన్నాయి. చివరికి 2019లో బ్రిడ్జినే 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా గుద్దారు. హెచ్చరికలతోనే పని జరగదు, అలాగని హెచ్చరిక లేకుండా ప్యానెల్ పెడితే నెలకోసారి మారుస్తూ కూర్చోవాలి.

ప్యానెల్ చేసే పని ఏమిటి

కొబ్బరికాయను బండ మీద కొడితే పగులుతుంది, అదే ఊపుతో ఇసుక మీద కొడితే పగలదు. తేడా అంతా ఆగడానికి దొరికిన దూరంలో ఉంది. ప్యానెల్ గర్డర్‌కు ఆ దూరం ఇస్తుంది, అంతే. అది కవచం కాదు. గట్టిగా, వంగకుండా, నలగకుండా నిలబడే ప్యానెల్ అంటే దెబ్బను ఉన్నదున్నట్టు గర్డర్‌కు అప్పజెప్పే ప్యానెల్. మంచి ప్యానెల్ చచ్చిపోవాలి.

లెక్క వేసి చూద్దాం. మడవని పొక్లెయిన్ బూమ్ తగిలిందనుకోండి, దెబ్బలో నేరుగా పాల్గొన్న బరువు 2 టన్నులు, వేగం గంటకు 40 కిలోమీటర్లు. శక్తి సుమారు 123 కిలోజౌల్స్. ఇది కాంక్రీటును కొట్టి 5 సెంటీమీటర్లలో ఆగితే సగటు బలం 2,470 కిలోన్యూటన్లు, అంటే ఒకేచోట దాదాపు 250 టన్నులు. అదే 25 సెంటీమీటర్లలో ఆగితే 50 టన్నులు. వేగం 60కి పోతే శక్తి రెండింతలు దాటుతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. పోల్చుకోవడానికి ఒక మాట: బ్రిడ్జి పైభాగానికి లారీ తగిలితే ఎంత బలం లెక్కలోకి తీసుకోవాలో యూరప్ కోడు చెబుతుంది, పెద్ద హైవేల మీద 500 కిలోన్యూటన్లు, సిటీ రోడ్ల మీద 250. మన రోడ్డు బ్రిడ్జిల మీద పడే బలాల కోడు ఐఆర్‌సీ 6లో పిల్లర్లకు బండి తగిలే బలాలు ఉన్నాయి, అవి గర్డర్‌కు ఎత్తి రాసేసుకోకండి, కొందరు రాసేస్తుంటారు.

ఇప్పుడు ప్యానెల్ వైపు నుంచి చూడండి. తేనెపట్టులా గదులుండే అల్యూమినియం హనీకూంబ్ గానీ, మెటల్ ఫోమ్ గానీ నొక్కితే ఒక బలం దగ్గర నలగడం మొదలుపెట్టి, దాదాపు అదే బలంతో నలుగుతూ పోతుంది, మందంలో సుమారు 70 శాతం నలిగాక ఇక గట్టి ముద్ద అయిపోతుంది. నలిగే ఒత్తిడి 1 మెగాపాస్కల్ (చదరపు మీటరుకు 1,000 కిలోన్యూటన్లు) ఉన్న సరుకు తీసుకుని, దెబ్బ 60 సెం.మీ. బై 50 సెం.మీ. జాగాలో పరుచుకుందనుకుంటే, గర్డర్‌కు చేరే బలం 300 కిలోన్యూటన్లు. 300 మి.మీ. మందంలో 210 మి.మీ. నలుగుతుంది కాబట్టి ప్యానెల్ తినే శక్తి 63 కిలోజౌల్స్. పైన చెప్పిన 123లో సగం. మిగతా సగంతో ఆ బూమ్ ఇంకా గంటకు 28 కిలోమీటర్ల వేగంతో ముందుకొస్తుంది.

సేల్స్ వాళ్లు ఈ రెండో సగం గురించి మాట్లాడరు. ఫుల్ లోడు 25 టన్నుల టిప్పర్ 40 వేగంలో ఉంటే శక్తి ఒకటిన్నర మెగాజౌల్స్, అంటే 1,500 కిలోజౌల్స్, దాన్ని ఏ ప్యానెలూ మింగలేదు. అదృష్టం ఏమిటంటే అక్కడ ట్రాలీ వంగుతుంది, జాకీ విరుగుతుంది, కీలు తెగుతుంది, శక్తిలో పెద్ద వాటా బండే తినేస్తుంది. కాబట్టి ప్యానెల్ మీద పెట్టుకోవలసిన ఆశ ఇది: రోజూ తగిలే గీతలు, మధ్యరకం దెబ్బలు గర్డర్ దాకా రాకూడదు, పెద్ద దెబ్బ వస్తే స్ట్రాండ్లు (గర్డర్ లోపల లాగి పెట్టిన ఉక్కు తీగల పేటలు) తెగే స్థాయి నుంచి వాటి మీది కాంక్రీటు కవర్ ఊడే స్థాయికి తగ్గాలి.

ఏ సరుకు

ప్యానెల్‌లో నాలుగు పొరలుంటాయి. ముందు గట్టి రేకు, దాని వెనక నలిగే పొర, దాని వెనక పలక, కాంక్రీటుకు ఆనే చోట పల్చటి రబ్బరు షీటు. ముందు రేకు లేకపోతే పొక్లెయిన్ బకెట్ పళ్లు నలిగే పొరను పొడుచుకుని నేరుగా కాంక్రీటుకు పోతాయి. దెబ్బను పరిచేది ఆ రేకే, 5, 6 మి.మీ. స్టీలు గానీ మందమైన ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన గట్టి ప్లాస్టిక్) గానీ ఉండాలి.

నలిగే పొరకు హనీకూంబ్ బాగుంటుంది కానీ దాని గదుల నోరు ట్రాఫిక్ వైపు ఉండాలి. అడ్డం తిప్పి బిగిస్తే కాగితంలా నలుగుతుంది, ఏమీ తినదు. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఫ్యాక్టరీలోనే ప్యానెల్ మీద బాణం గుర్తు వేయించండి. ఇంకో మాట, కొత్త హనీకూంబ్ మొదటి నలుగుడుకు ఎక్కువ బలం అడుగుతుంది, ఆ మొదటి పోటు గర్డర్‌కు పోతుంది. అది లేకుండా ముందే కొద్దిగా నలిపి పంపమని అడగొచ్చు, ఇది మామూలుగా చేసే పనే.

బడ్జెట్ లేదంటే హైదరాబాద్‌లో జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పల్చటి స్టీలు ట్యూబులతో చేయించుకోవచ్చు, ట్యూబు ఒక చివర ట్రాఫిక్‌కు ఎదురుగా ఉండి, మడతలు మడతలుగా నలిగేలా, ముందు చివర చిన్న గాట్లు పెట్టించి. గాటు లేకపోతే ట్యూబు మొండికేస్తుంది. కానీ ఒక్క ముక్కనైనా ప్రెస్‌లో పెట్టి నలిపి చూసి, బలం ఎంత వచ్చిందో గ్రాఫు తీసుకోకుండా ఆర్డరు ఇవ్వొద్దు. సిటీలో ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఇలాంటి ప్రెస్‌లు ఉంటాయి. రబ్బరు ఒక్కదానితో చేస్తామనేవాళ్లు వస్తారు, పాత టైర్ల రబ్బరు అయితే ఇంకా చవక అంటారు. రబ్బరు శక్తిని తినడం తక్కువ, తిరిగి ఇచ్చేయడం ఎక్కువ. వెనక షీటుగా పనికొస్తుంది, అంతకుమించి వద్దు. థర్మాకోల్ అసలే వద్దు, ఫ్లైఓవర్ల కింద చెత్త తగలబెట్టే ఊరు మనది.

అల్యూమినియానికి ఇక్కడ ఇంకో శత్రువు ఉంది, పాత సామాన్ల కాటా. రేలింగ్ ముక్కలు, మ్యాన్‌హోల్ మూతలు మాయమయ్యే చోట కిలోలకొద్దీ అల్యూమినియం వేలాడదీస్తే ఎన్నాళ్లుంటుంది? బయటికి లోహం కనపడకుండా ఎఫ్‌ఆర్‌పీ తొడుగు, మామూలు స్పానర్‌కు లొంగని నట్లు పెట్టండి. పైగా తడి కాంక్రీటు క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది, స్టెయిన్‌లెస్ బోల్టు తగిలినా తడిలో తినేస్తుంది. రబ్బరు షీటు, నైలాన్ వాషర్లు దానికోసమే, ఖర్చు తగ్గించుకుందామని ముందు వాటినే తీసేస్తుంటారు.

బిగించడం

ఇక్కడ తప్పు చేస్తే లారీ అవసరం లేదు, మనమే గర్డర్‌ను పాడు చేస్తాం. మన ఫ్లైఓవర్ గర్డర్లు చాలావరకు ప్రీస్ట్రెస్డ్. కింది లావు భాగంలో స్ట్రాండ్లు లాగి పెట్టి ఉంటాయి, 15.2 మి.మీ. స్ట్రాండ్ ఒక్కోటి సుమారు 15 టన్నుల లాగుడులో ఉంటుంది. డ్రిల్లు బిట్టు దానికి తగిలిందంటే పని ఆపి ఇంటికి పోవడమే. కాబట్టి మొదట యాజ్ బిల్ట్ డ్రాయింగ్ (కట్టింది కట్టినట్టు గీసినది) సంపాదించండి, కేబుల్, అంటే స్ట్రాండ్ల కట్ట, ఏ చోట ఎంత ఎత్తులో పోతుందో చూడండి. స్పాన్ (పిల్లరుకూ పిల్లరుకూ మధ్య దూరం) మధ్యలో కేబుళ్లు కిందికి దిగి ఉంటాయి, పిల్లర్ల దగ్గర పైకి లేస్తాయి, అంటే మధ్యలో సేఫ్ అనుకున్న ఎత్తు చివర్లలో సేఫ్ కాదు. డ్రాయింగ్ దొరికినా సరే, రాడార్ స్కానర్‌తో వెతికించి, స్ట్రాండ్లు, రాడ్లు ఎక్కడున్నాయో చాక్‌పీస్‌తో గర్డర్ మీదే గీయించండి. అప్పుడు రంధ్రాల చోటు నిర్ణయించండి. కింది లావు భాగంలో మాత్రం రంధ్రం వద్దు. వీలుంటే అసలు రంధ్రాలే లేకుండా గర్డర్ చుట్టూ పట్టే క్లాంపులు చేయించుకోండి, నేనైతే అదే చెబుతాను, కాస్త ఖరీదైనా. కానీ క్లాంపు పట్టీ గర్డర్ కిందికి రెండు సెంటీమీటర్లు వచ్చినా ఆ రెండు సెంటీమీటర్లు మీ ఎత్తులోంచి పోతాయి, లారీ మొదట పట్టేదీ దాన్నే. పట్టీ పల్చగా, అంచు ఏటవాలుగా ఉండాలి, బోర్డు మీద అంకె తగ్గించాలి.

యాంకర్లే వేయాల్సి వస్తే కెమికల్ యాంకర్లు (రంధ్రంలో అతికే మందు నింపి దించే బోల్టులు) వేసి, రంధ్రంలో దుమ్ము బ్రష్‌తో, గాలితో పూర్తిగా తీసేయించి, కొన్నిటికి లాగుడు పరీక్ష చేయించండి. మందు ఆరకముందే ప్యానెల్ ఎక్కించే తొందర వద్దు. ప్యానెల్‌ను యాంకర్‌కు పట్టే పిన్ మాత్రం యాంకర్ కంటే బలహీనంగా ఉండాలి. దెబ్బకు పిన్ తెగాలి, ప్యానెల్ ఊడాలి, యాంకర్‌తోపాటు కాంక్రీటు పెళ్ల ఊడి రాకూడదు. పిన్ తెగితే ప్యానెల్ ఎక్కడ పడుతుంది? లారీ వెనక వచ్చే బైకు మీద. అందుకే ప్రతి ప్యానెల్‌కు రెండు చివరలా స్టీలు రోపు, దాన్ని వేరే యాంకర్‌కు కట్టాలి. ఈ రోపు లేని డిజైన్ ఎవరు తెచ్చినా సంతకం పెట్టొద్దు.

ప్యానెల్ పొడవు మీటరు, మీటరున్నర చాలు. ఇద్దరు మనుషులు బూమ్ లిఫ్ట్ మీద నిలబడి ఎత్తగలిగేంత బరువు ఉండాలి, దెబ్బ తిన్నది ఒక్కటే మార్చుకోగలగాలి. గర్డర్ మొత్తం పొడవునా అక్కర్లేదు, కింద బండ్లు పోయే వెడల్పు, రెండు వైపులా ఒక్కో మీటరు అదనం. బయటి గర్డర్‌కు మందం ప్యానెల్, లోపలివాటికి 75 నుంచి 100 మి.మీ. చాలు. ప్యానెళ్ల మధ్య 10 మి.మీ. సందు వదలండి, మే నెల ఎండకు అన్నీ వ్యాకోచిస్తాయి. కింద నీరు పోయే రంధ్రాలు, వాటికి సన్నటి జాలీ, లేకపోతే పావురాలూ ఎలకలూ కాపురం పెడతాయి. ఎత్తు తేడా లేకుండా కింది అంచులు దారం కట్టి చూడాలి, ఒక్క ప్యానెల్ కిందికి జారినా తగిలేది దానికే. చివరగా పసుపు నలుపు పట్టీల రిఫ్లెక్టర్ షీటు, ప్రతి ప్యానెల్ మీద పెద్ద అక్షరాల్లో నంబరు.

పర్మిషన్ల సంగతి టూకీగా: బ్రిడ్జి ఎవరిదైతే వాళ్ల రాతపూర్వక అనుమతి, డిజైన్ చేసిన ఇంజినీరుకు అదనపు బరువు వివరం, రాత్రి లేన్ మూయడానికి ట్రాఫిక్ పోలీసుల అనుమతి. పైన రైలు పోతుంటే రైల్వేవాళ్లది, మెట్రో పోతుంటే మెట్రోవాళ్లది, అక్కడ సొంతంగా ఒక్క బోల్టు కూడా పెట్టొద్దు.

గుద్దాక

ముందు ఫొటోలు, ప్యానెల్ నంబరుతో సహా, కెమెరా ఫుటేజీ, పోలీసు ఫిర్యాదు. ఎఫ్‌ఐఆర్ లేకపోతే బండి ఇన్సూరెన్స్ నుంచి డబ్బు రాబట్టడం కష్టం. ఆ రాత్రే ప్యానెల్ విప్పించండి. బయటికి కొంచెమే వంగినట్టు కనిపించినా విప్పాలి, ఎందుకంటే ప్యానెల్ వెనక గర్డర్ మీకు కనపడదు, దాని పెద్ద లోపం అదే. సుత్తితో తట్టి చూస్తే గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల పొర విడిపోతే డొల్ల శబ్దం వస్తుంది. కొత్త పగులు ఉంటే చివర్లు పెన్‌తో గుర్తు పెట్టి, తేదీ రాసి, పెరుగుతోందేమో చూడాలి. స్ట్రాండ్ బయటపడినా, ఒక్క తీగ తెగినా, గర్డర్ పక్కకు వంగినట్టు అనిపించినా పైన భారీ వాహనాలు ఆపించి బ్రిడ్జి ఇంజినీరును పిలవాలి. సిమెంటు మాలు కలిపి పూసేసి రంగు వేయడం మాత్రం చేయకండి, చాలాచోట్ల జరిగేది అదే. పూత వెనక స్ట్రాండ్ తుప్పు పడుతూనే ఉంటుంది, తర్వాత వచ్చే ఇంజినీరుకు అక్కడ దెబ్బ ఉందని కూడా తెలియదు.

నలిగిన ప్యానెల్‌ను సుత్తితో సరిచేసి మళ్లీ బిగించొద్దు. రేకు నిటారుగా అవుతుంది, లోపలి పొర మాత్రం తన దూరం ఖర్చు పెట్టేసింది. అందుకే మొదటి ఆర్డరులోనే స్పేర్లు కలపండి, తర్వాత రెండు ప్యానెళ్ల కోసం టెండరు పిలిస్తే ఆరు నెలలు ఖాళీగా ఉంటుంది, ఆ చోటే మళ్లీ తగులుతుంది. స్పేర్లను తాళం వేసే గదిలో పెట్టి, పిన్నులు, రోపులు, నైలాన్ వాషర్లు కూడా అదే పెట్టెలో ఉంచండి. ఏటా రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, నిమజ్జనానికి ముందు ఒకసారి, అన్ని పిన్నులూ రోపులూ చూసి, రెండు మూడు ప్యానెళ్లు విప్పి వెనక తడి ఉందేమో చూడండి. రోడ్డు డివిజన్ వాళ్లతో మాట్లాడి, బ్రిడ్జి కింద తారు వేసేటప్పుడు పాత లేయరు చెక్కాకే కొత్తది వేయాలని వర్క్ ఆర్డరులోనే రాయించండి. రోలర్ వెళ్లిన మర్నాడు లేజర్ మీటరు పట్టుకెళ్లి మళ్లీ కొలిచి, తేడా వస్తే అదే వారంలో బోర్డు మార్పించండి.